శాంక్షన్ అంటే అనుమతా, ఆంక్షా?

"మీ లోన్ శాంక్షన్ అయింది" అని మెసేజ్ వస్తే మనిషికి టెన్షన్ తీరుతుంది. అదే రోజు ఇంగ్లీష్ పేపర్ తిరగేస్తే ఫలానా దేశం మీద శాంక్షన్స్ పడ్డాయనీ, అక్కడి ఓడలు రేవుల్లో ఆగిపోయాయనీ వార్త ఉంటుంది. మాట ఒకటే. ఒకచోట పని జరగనిస్తోంది, ఇంకోచోట జరగకుండా అడ్డుపడుతోంది.

తెలుగు పత్రికల్లో ఈ చిక్కు లేదు. మొదటిదాన్ని మంజూరు అంటాయి, రెండోదాన్ని ఆంక్షలు అంటాయి. రోజువారీ తెలుగులోకి శాంక్షన్ అనే మాట మంజూరు అర్థంతోనే వచ్చి చేరింది. అందుకే ఇంగ్లీష్ వార్త చదివేటప్పుడు తెలిసిన మాటే కదా అని ముందుకెళ్లిపోతాం, తీరా చూస్తే వాక్యం తలకిందులై ఉంటుంది. ఒక సంస్థను ప్రభుత్వం "శాంక్షన్ చేసింది" అని ఉంటే దానికి లైసెన్స్ ఇచ్చారనుకునే అవకాశం ఉంది. నిజానికి దాని ఖాతాలు స్తంభింపజేసి ఉంటారు.

నిఘంటువు చెప్పేవి

ఇంగ్లీష్‌లో శాంక్షన్ నామవాచకంగానూ, క్రియగానూ వాడతారు. నామవాచకానికి ఇవాళ రెండు ప్రధాన అర్థాలు. ఒకటి, అధికారం ఉన్నవాళ్లు ఇచ్చే ఆమోదం. రెండు, చట్టాన్నో నియమాన్నో ఉల్లంఘించినవాళ్లపై పడే శిక్ష. దేశాల మీద విధించే ఆర్థిక ఆంక్షలు ఈ రెండో అర్థం నుంచి పెరిగిన కొమ్మ. క్రియగా వాడినప్పుడూ అంతే: ఆమోదించడం, లేదా శిక్షించడం.

వీటికి తోడు మూడో అర్థం ఒకటి ఉంది. గంభీరమైన రాజశాసనం అని. ఇప్పుడది చరిత్ర పుస్తకాల్లో తప్ప కనిపించదు. కానీ మిగతా రెండింటినీ కలిపే ముడి దానిలోనే ఉంది.

సెయింట్‌కీ, శాంటాక్లాజ్‌కీ చుట్టం

మాట లాటిన్‌ది. సాంకీరే అనే లాటిన్ క్రియకు పవిత్రం చేయడం, ఎవరూ మీరరానిదిగా స్థిరపరచడం అని అర్థం. అలా స్థిరపరచిన దాన్ని సాంక్టుస్ అన్నారు. సెయింట్ అనే మాట ఆ సాంక్టుస్ నుంచే వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని శాన్, సావో పాలోలోని సావో, శాంటాక్లాజ్‌లోని శాంటా కూడా తిరిగి తిరిగి అక్కడికే చేరతాయి. పక్షులకూ జంతువులకూ రక్షిత ప్రాంతంగా మనం వినే శాంక్చువరీ కూడా ఆ కుటుంబమే. మొదట్లో అది దేవుడి చోటు. అక్కడ తలదాచుకున్నవాణ్ని పట్టుకోకూడదన్న ఆచారం వల్ల ఆశ్రయం అనే అర్థం వచ్చింది.

వ్యుత్పత్తి విషయంలో పాతకాలంలో ఇంకో వాదన ఉండేది. సాంకీరే అన్నది సాంగ్విస్, అంటే రక్తం, నుంచి పుట్టిందనీ, ఒప్పందాలను బలి రక్తంతో పక్కా చేసేవారు కాబట్టి ఆ పేరనీ లాటిన్ వ్యాఖ్యాత సర్వియస్ చెప్పాడు. వినడానికి బాగుంటుంది. అయితే భాషాశాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోరు. పవిత్రమైన అనే అర్థమున్న సాకెర్‌కీ, సాంకీరేకీ మూలధాతువు ఒకటేనన్నది ఇవాళ అందరూ అంగీకరించే మాట. ఇంగ్లీష్‌లోని సేక్రెడ్, సేక్రిఫైస్ ఆ సాకెర్ సంతానం.

ఈ సాకెర్ కూడా తిన్నని మాట కాదు. దేవుడికి అంకితమైనదీ సాకెరే, శాపగ్రస్తమైనదీ సాకెరే. రోమన్ల తొలి లిఖిత చట్టం పన్నెండు ఫలకాల్లో ఒక నియమం ఉంది: తనను ఆశ్రయించినవాణ్ని మోసం చేసిన పెద్దమనిషి సాకెర్ అవుగాక అని. అంటే వాడు పుణ్యాత్ముడైపోతాడని కాదు. వాణ్ని దేవతలకు వదిలేశారు, ఇక మనుషుల చట్టం వాణ్ని కాపాడదు అని.

గోడ దూకితే ఏమవుతుంది

రెండు అర్థాలు ఎలా కలిసి ఉన్నాయో రోమన్ న్యాయశాస్త్రమే ఒకచోట విప్పి చెప్పింది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి కాలంలో న్యాయ విద్యార్థుల కోసం ఇన్‌స్టిట్యూట్స్ అనే పాఠ్యగ్రంథం తయారైంది. అందులో వస్తువుల వర్గీకరణ వస్తుంది. నగరపు గోడలు, ద్వారాలు ఒక వర్గం. వాటిని సాంక్టుస్ అన్నారు. గుడికి ఉన్నట్టు వాటికి దేవుడు లేడు, పూజ లేదు. మరి ఎందుకు పవిత్రం? ఆ గ్రంథం చెప్పే కారణం సూటిగా ఉంటుంది. గోడల విషయంలో అపరాధం చేసినవాడికి మరణదండన విధించారు కాబట్టి గోడలు సాంక్టుస్. చట్టాన్ని మీరినవాళ్లకు శిక్షలు నిర్ణయించే భాగాలను సాంక్టియోలు అంటున్నదీ అందుకే.

ఆ సాంక్టియోయే ఇవాళ్టి శాంక్షన్.

అంటే రోమన్ల దృష్టిలో గోడకు గౌరవం ఒక సంగతీ, గోడ దూకినవాడికి శిక్ష ఇంకో సంగతీ కాదు. వెనక శిక్ష ఉంది కాబట్టే అది మీరరాని గోడ అయింది. గోడ లోపల ఉన్నవాడికి సాంక్టియో భరోసా, దూకబోయేవాడికి హెచ్చరిక. ఒక చట్టానికి సాంక్టియో జోడించడమంటే దాన్ని ఖాయం చేయడం, మీరితే ఏమవుతుందో చెప్పడం, రెండూ ఒక్క దెబ్బతో జరిగే పని. తర్వాతి భాషలు ఆ పనిని రెండు ముక్కలు చేసి, ఖాయం చేయడాన్ని ఆమోదం అన్నాయి, మీరితే జరిగేదాన్ని దండన అన్నాయి. మాట అర్థం తిరగబడిందని చాలామంది రాస్తారు గానీ, నాకు అది తిరగబాటులా కనిపించదు. కవలలు వేరు కాపురం పెట్టినట్టు ఉంటుంది.

ఈ జోడింపు ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టి రోమన్ న్యాయవేత్తలు చట్టాలను మూడు రకాలు చేశారు. అల్పియన్ పేరుతో మిగిలిన గ్రంథంలో ఈ విభజన ఉంది. నిషిద్ధమైన పని చేస్తే ఆ పనే చెల్లకుండా పోయేది మొదటి రకం, సంపూర్ణ చట్టం. పని చెల్లుతుంది కానీ చేసినవాడు జరిమానా కట్టాలి, ఇది రెండోది. పని చెల్లుతుంది, శిక్ష కూడా లేదు, చేయకూడదని మాత్రం రాసి ఉంది, ఇది మూడోది, అసంపూర్ణ చట్టం. ఒక కొనుగోలును చట్టం నిషేధించిందనుకోండి. మొదటి రకంలో ఆ అమ్మకం కాగితం చిత్తుతో సమానం. రెండో రకంలో వస్తువు కొన్నవాడిదే, కాకపోతే జరిమానా చేతిలో పెట్టాలి. మూడో రకంలో చట్టం చూస్తూ ఊరుకుంటుంది.

మన శాసనం, శాస్తి

ఇదంతా పరాయి వింత అనిపిస్తే సంస్కృతంలోని శాస్ ధాతువును చూడండి. ఏలడం, ఆజ్ఞాపించడం, దండించడం, బోధించడం అన్నీ దాని అర్థాలే. శాసనం అక్కడి నుంచి వచ్చింది. "తగిన శాస్తి జరిగింది" అనేటప్పటి శాస్తి అక్కడి నుంచే. శాస్త్రమూ, శిష్యుడూ కూడా అదే ఇంటివాళ్లు. శాసనసభ అన్నప్పుడు దండన మన మనసులోకి రాదు, శాస్తి అన్నప్పుడు చట్టం గుర్తుకు రాదు. ధాతువు దగ్గర మాత్రం అవి రెండూ వేరు కావు.

శిక్ష అనే మాట ఇంకా తమాషా చేసింది. మూలంలో అది నేర్చుకోవడం. వేదాంగాల్లో శిక్ష అంటే ఉచ్చారణ శాస్త్రం. హిందీలో ఇప్పటికీ శిక్షా అంటే చదువే. తెలుగులో శిక్ష దండన వైపు వచ్చేసింది, చదువు అర్థాన్ని శిక్షణ మోస్తోంది. హిందీ బోర్డు మీద శిక్షా అని చూసి తెలుగువాడు ఉలిక్కిపడితే ఎలా ఉంటుందో, ఇంగ్లీష్ వార్తలో శాంక్షన్ చూసి మనం తడబడటం అలాంటిదే.

మంజూరు సంగతి కూడా చెప్పేస్తాను. అరబ్బీలో మన్జూర్ అంటే చూడబడినది అని. చూపు అనే అర్థంలో మనం వాడే నజర్ అనే మాటకు, దీనికి మూలం ఒకటే. పెద్దవాడి దృష్టిలో పడి ఒప్పుకోలు పొందింది మంజూరు అయింది. అందులో శిక్ష వాసన ఎక్కడా లేదు, కాబట్టి అది రెండు వైపులా లాగబడకుండా హాయిగా ఉంది.

ఇంగ్లీష్‌లో అడుగుపెట్టాక

ఫ్రెంచ్ మీదుగా ఈ మాట 16వ శతాబ్దంలో ఇంగ్లీష్‌లోకి వచ్చింది. అప్పుడు దాని అర్థం శాసనం, ముఖ్యంగా మతాధికారానికి సంబంధించిన శాసనం. ఐరోపా చరిత్ర చదివినవాళ్లకు ప్రాగ్మాటిక్ శాంక్షన్ అనే పేరు తగిలే ఉంటుంది. హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఆరో చార్లెస్ 1713లో జారీచేశాడు. తన వంశపు రాజ్యాలు ముక్కలు కాకూడదనీ, కొడుకు లేకపోతే కూతురికి దక్కాలనీ దాని సారం. ఇక్కడ శాంక్షన్ అంటే పర్మిషనూ కాదు, పెనాల్టీ కూడా కాదు. కట్టుదిట్టమైన రాజశాసనం.

దానికి ఇతర రాజ్యాల చేత ఒప్పుకోలు ముద్ర వేయించడానికి చార్లెస్ ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. 1740లో ఆయన చనిపోయాడు, కూతురు మరియా థెరీసా సింహాసనమెక్కింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఆమె రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలోకి సైన్యం నడిపాడు. 1748 దాకా యుద్ధం సాగింది. శాంక్షన్ అని పేరైతే పెట్టారు, మీరినవాణ్ని పట్టుకునే చెయ్యి మాత్రం దాని వెనక లేకపోయింది. అల్పియన్ చూసి ఉంటే మూడో రకంలో వేసేవాడు.

17వ శతాబ్దంలో, చట్టం అమలు కావడానికి జోడించే శిక్ష అనే అర్థం ఇంగ్లీష్‌లో కుదురుకుంది. అధికారికంగా ఖాయపరచడం, ఆమోదం అనే అర్థమూ దాని పక్కనే పెరిగింది. 18వ శతాబ్దం చివరికల్లా క్రియగా వాడుక మొదలైంది, అదీ ఖాయపరచడం, అనుమతించడం అనే అర్థంలో. శిక్షించడం అనే అర్థంలో క్రియగా వాడటం చాలా ఆలస్యంగా, 20వ శతాబ్దం మధ్యలో మొదలైంది. కాబట్టి "ఒక దేశాన్ని శాంక్షన్ చేశారు" అనే వాక్యం పాత తరం ఇంగ్లీష్ చదువరికి కూడా ఎబ్బెట్టుగానే ఉండేది. ఇప్పటికీ కొందరు "ఇంపోజ్ శాంక్షన్స్ ఆన్" అని విడదీసి రాయడమే మేలంటారు. క్లుప్తతే ప్రాణమైన హెడ్‌లైన్ రాసేవాళ్లు ఈ మాట వినరు.

బహుమతి కూడా శాంక్షనేనా?

శాంక్షన్ అంటే శిక్ష అని న్యాయశాస్త్రంలో అంత సులువుగా తేలలేదు. ఇంగ్లీష్ తత్వవేత్త జెరెమీ బెంథమ్ 1789లో ప్రచురించిన తన గ్రంథంలో, మనిషిని ఒక నడవడికకు కట్టిపడేసే సుఖదుఃఖాల మూలాలన్నిటినీ శాంక్షన్లు అన్నాడు. అవి నాలుగు: ప్రకృతి, రాజ్యం, లోకం, దైవం.

ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒక్కటి చాలు. ఒకడి సొత్తు మంటల్లో కాలిపోయింది. వాడి అజాగ్రత్త వల్ల దీపం అంటుకుంటే అది ప్రకృతి శాంక్షన్. న్యాయాధికారి తీర్పు ప్రకారం తగలబెడితే రాజ్యపు శాంక్షన్. వాడి నడత నచ్చక పొరుగువాడు ఆర్పడానికి రాకపోతే లోకపు శాంక్షన్. వాడి పాపానికి దేవుడు కోపగించాడంటే దైవ శాంక్షన్. నష్టం నాలుగుసార్లూ ఒకటే, వచ్చిన దారి వేరు.

బెంథమ్ లెక్కలో సుఖం కూడా ఉంది కాబట్టి బహుమతి కూడా శాంక్షనే. ఆయన బాటలోనే నడిచిన జాన్ ఆస్టిన్ 1832లో దీన్ని కాదన్నాడు. చట్టమంటే ఆజ్ఞ, ఆజ్ఞ అంటే మీరితే కీడు తప్పదన్నది. ఇస్తానన్న బహుమతి ఆశపెడుతుంది గానీ విధి కాదు, అందుచేత దాన్ని శాంక్షన్ అనడం మాటను సాగదీయడమే అన్నాడు. న్యాయశాస్త్రం ఎక్కువగా ఆస్టిన్ అర్థాన్నే పట్టుకుంది. సమాజశాస్త్రం మాత్రం బెంథమ్ వైపు మొగ్గింది. అక్కడ పాజిటివ్ శాంక్షన్ అంటే మెచ్చుకోలు, నెగటివ్ శాంక్షన్ అంటే చీవాట్ల నుంచి వెలివేత దాకా ఏదైనా. ఆస్టిన్ చెప్పినట్టు చట్టమంతా బెదిరింపేనా అన్న ప్రశ్న 20వ శతాబ్దంలో మళ్లీ లేచింది. పెళ్లి, వీలునామా లాంటి వాటి నియమాలు ఎవర్నీ బెదిరించవు, పని చేసుకునే శక్తిని ఇస్తాయి కదా అని ఇంగ్లీష్ న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఏ. హార్ట్ ఎత్తిచూపాడు.

దేశాల మీదికి ఎప్పుడు వెళ్లింది

వార్తల్లో మనం చూసే శాంక్షన్స్, బహువచనంలో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి సరుకు. ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) ఒడంబడికలోని 16వ అధికరణం, ఒప్పందం మీరి యుద్ధానికి దిగిన దేశంతో మిగతా దేశాలు వ్యాపార, ఆర్థిక సంబంధాలు తెంచుకోవాలని చెప్పింది. గుర్తుంచుకోండి, ఇక్కడా నమూనా రోమన్లదే: ముందు నియమం, దాని వెనక మీరితే పడే దెబ్బ.

పెద్ద పరీక్ష 1935లో వచ్చింది. అక్టోబర్‌లో ఇటలీ ఇథియోపియా మీద దాడి చేసింది. నవంబర్ 18 నుంచి సమితి శాంక్షన్స్ అమలయ్యాయి. ఇటలీ సరుకు కొనకూడదు, ఆయుధాలు అమ్మకూడదు, అప్పులివ్వకూడదు. చమురును మాత్రం జాబితాలో చేర్చలేదు, ఇటలీ ఓడలు ఆఫ్రికా వైపు వెళ్లే సూయజ్ కాలువ మూయలేదు. ట్యాంకులు నడుస్తూనే ఉన్నాయి. 1936 మేలో అడిస్ అబాబా పడిపోయింది, జులైలో శాంక్షన్స్ ఎత్తేశారు.

ఐక్యరాజ్య సమితి చార్టర్‌లో ఈ అధికారం 41వ అధికరణంలో ఉంది. సాయుధ బలం వాడకుండా తీసుకునే చర్యలు అని దాన్ని వర్ణించారు. ఆర్థిక సంబంధాలు, రైలు, ఓడ, విమాన, తపాలా మార్గాలు తెంచడం, దౌత్య సంబంధాలు తెంచడం అందులో ఉన్నాయి. విచిత్రమేమిటంటే, ఆ అధికరణంలో శాంక్షన్ అనే మాటే లేదు. భద్రతా మండలి ఈ అధికారంతో తప్పనిసరి ఆంక్షలు మొదటిసారి విధించింది 1966లో, దక్షిణ రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీద.

ఇక్కడే అసలు తగవు. భద్రతా మండలి నిర్ణయం లేకుండా ఒక దేశమో, కొన్ని దేశాలో కలిసి ఇంకో దేశం మీద విధించేవాటిని కూడా శాంక్షన్స్ అనొచ్చా? అనకూడదనేవాళ్ల వాదన ఇది: శాంక్షన్ అంటే చట్టం వెనక ఉండే దండన. దండించే అధికారం అందరూ ఒప్పుకున్న సంస్థకే ఉండాలి. సమాన హోదా ఉన్న దేశం ఇంకో దేశాన్ని దండించడమేమిటి? ఐరాస సర్వసభ్య సభ తీర్మానాల్లో ఇలాంటివాటిని ఏకపక్ష నిర్బంధ చర్యలు అంటారు. అటువైపు వాదనా తేలికైనది కాదు. ఎవరితో వ్యాపారం చేయాలో తేల్చుకోవడం ప్రతి దేశం హక్కు, పైగా మండలిలో ఒక్క వీటో చాలు అంతా ఆగిపోవడానికి, అప్పుడు ఉల్లంఘనను చూస్తూ కూర్చోవాలా అంటారు. మధ్యలో కొందరు మాటనే మార్చేశారు. ఐరాస అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2001లో రూపొందించిన నియమాల్లో ప్రతిచర్యలు అనే అర్థమిచ్చే కౌంటర్‌మెజర్స్ వాడింది. యూరోపియన్ యూనియన్ పత్రాల్లో ఉండేది రిస్ట్రిక్టివ్ మెజర్స్. మామూలు సంభాషణలో మాత్రం అందరూ శాంక్షన్సే అంటారు.

ఈ వాదనలో నాకు ఆసక్తి కలిగించేది ఒకటుంది. శాంక్షన్ అనే మాటలో మిగిలిపోయిన పాత ఆమోదపు ముద్ర కోసమే ఈ పోటీ. దండించేవాడు ఆ మాట కోరుకుంటాడు, ఎందుకంటే అది తన దండనకు చట్టం రంగు పూస్తుంది. దెబ్బ తిన్నవాడు సరిగ్గా అందుకే ఒప్పుకోడు.

పక్కపక్కన తిరిగే ఇతర మాటలనూ వేరుచేసుకోవాలి. ఎంబార్గో అంటే వ్యాపారం మీద నిషేధం, శాంక్షన్స్‌లో అదొక రకం. బాయ్‌కాట్ అధికారిక చట్టం అక్కర్లేని బహిష్కరణ. 1880లో ఐర్లండ్ కౌలుదార్లు వెలివేసిన ఎస్టేట్ ఏజెంట్ చార్లెస్ బాయ్‌కాట్ ఇంటిపేరే మాటగా మిగిలింది. సెకండరీ శాంక్షన్స్ అంటే ఆంక్షల్లో ఉన్నవాడితో లావాదేవీ పెట్టుకున్న మూడోవాడి మీద పడేవి.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. ఒకదానికొకటి వ్యతిరేకమైన రెండు అర్థాలున్న మాటను ఇంగ్లీష్‌లో కాంట్రానిమ్ అంటారు. రెండు ముఖాల రోమన్ దేవుడి పేరు మీద జానస్ వర్డ్ అని కూడా అంటారు. అయితే అన్నీ ఒకే దారిన రాలేదు. క్లీవ్ అంటే చీల్చడమూ, అంటిపెట్టుకోవడమూ. పాత ఇంగ్లీష్‌లో అవి రెండు వేర్వేరు క్రియలు, ఉచ్చారణ అరిగి ఒక్కటయ్యాయి. ఓవర్‌సైట్ శాంక్షన్ లాంటిది, ఒకే మాట రెండుగా చీలింది. పైనుంచి చూడటం పర్యవేక్షణ అయింది, చూపు దాటిపోవడం పొరపాటు అయింది.

వాక్యంలో తేల్చుకోవడం

మాట మీద ఎంత చూపు నిలిపినా తేలదు, దాని పక్కన ఉన్నవాటిని చూడాలి. "ద బోర్డ్ శాంక్షన్డ్ ద టూర్" అంటే పర్యటనకు అనుమతి ఇచ్చింది. "ద బోర్డ్ శాంక్షన్డ్ ద కెప్టెన్" అంటే కెప్టెన్‌ను శిక్షించింది. కర్మ స్థానంలో పనో పథకమో ఉంటే దాదాపు ఎప్పుడూ ఆమోదం. మనిషో, కంపెనీయో, దేశమో ఉంటే దండన.

బహువచనం ఇంకా గట్టి ఆనవాలు. శాంక్షన్స్ అని ఉంటే చాలావరకు ఆంక్షలే, వాటి చుట్టూ ఇంపోజ్ (విధించు), లిఫ్ట్ (ఎత్తేయి), ఈజ్ (సడలించు), ఎవేడ్ (తప్పించుకో) లాంటి క్రియలు తిరుగుతుంటాయి. "వితౌట్ రాయల్ శాంక్షన్" అని ఏకవచనంలో ఉంటే రాజు అనుమతి లేకుండా అని. అలాగని ఏకవచనమంతా అనుమతి కాదు. "ఎ శాంక్షన్" అని ముందు ఎ వచ్చిందంటే అది చాలావరకు ఒక శిక్షే.

విశేషణంగా వాడినప్పుడే పీకులాట. "స్టేట్-శాంక్షన్డ్ వయొలెన్స్" అంటే రాజ్యం అండతో జరిగిన హింస, ఇందులో అనుమానం లేదు. "శాంక్షన్డ్ బ్యాంక్" అంటే ఆంక్షలు పడ్డ బ్యాంక్, ఇదీ సరే. మరి "యూఎన్-శాంక్షన్డ్ షిప్" అంటే? ఐరాస అనుమతితో సహాయ సామగ్రి మోసుకెళుతున్న ఓడ కావచ్చు, ఐరాస జాబితాకెక్కి ఏ రేవూ రానివ్వని ఓడ కావచ్చు. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. ఏ ఓడ అన్నది తెలియాలంటే వార్తలో తర్వాతి వాక్యం దాకా వెళ్లాల్సిందే.